పాత జర్మన్ సెడాన్ కొనడం – మూడో పాఠం: ఇంజన్ చల్లగా ఉండగానే

పోయిన పాఠంలో ఇచ్చిన పని పూర్తి చేశారనే అనుకుంటాను. మనసుపడ్డ మూడు బండ్ల ఛాసిస్ నంబర్లు తీసుకుని, వాటి సర్వీసు చరిత్ర తెప్పించి, ఒక ఆయిల్ మార్పుకూ ఇంకో ఆయిల్ మార్పుకూ మధ్య ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో నోటుబుక్కులో రాయమన్నాను. రాయనివాళ్ళు ముందు ఆ పని చూడండి. ఇవాళ ఆ అంకెలతో అవసరం పడుతుంది.

ఈసారి బండి దగ్గరికే వెళ్తున్నాం. పాఠం గాల్లో చెప్పుకుంటే బుర్రకెక్కదు కాబట్టి ఒకే బండిని పట్టుకుంటాను: బీఎండబ్ల్యూ 320డి, ఎఫ్30 తరం. 2012లో మన దేశంలోకి వచ్చింది. కొత్తలో ముప్పై లక్షల చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు మామూలు కొత్త కారు కొనే డబ్బుకే దొరుకుతోంది. మనవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. బండి ధర ఏడాదికేడాది దిగుతుంది, అందులో వేసే పార్టు ధర దిగదు. అమ్మేవాళ్ళలో చాలామంది మోసగాళ్ళేమీ కాదు. "సార్, వచ్చే సర్వీసుకి ఇది మార్చాలి" అని మెకానిక్ ఓ పెద్ద మొత్తం చెప్పిన వారానికి ప్రకటన పెడతారు, అంతే. ఆ చెప్పని బిల్లు ఏదో మనం కనిపెట్టాలి. బేరం ఆడేది దాని మీదే.

వెళ్ళాల్సిన వేళ

పొద్దున ఏడు లోపు. ముందురోజు రాత్రే ఫోన్ చేసి, "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. చేరగానే చేసే మొదటి పని, పలకరింపు కంటే ముందు, బానెట్ మీద అరచెయ్యి ఆనించడం. తర్వాత సైలెన్సర్ చివర. వెచ్చగా తగిలితే గొడవ పడొద్దు, నవ్వుతూ "రేపొస్తానండీ" అని వచ్చేయండి. వేడెక్కిన ఇంజన్ దగ్గర నిలబడి చూసినా చూడకపోయినా ఒకటే.

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. నేను మెకానిక్‌ని కాను, ఆఫీసు ఉద్యోగిని. స్నేహితులకూ చుట్టాలకూ బండ్లు చూసిపెట్టే అలవాటు తర్వాత వచ్చింది. నా మొదటి పాత సెడాన్‌ని పాత కార్లు అమ్మే ఓ కన్సల్టెన్సీలో మిట్టమధ్యాహ్నం చూశాను. ఏసీ వేసి ఉంచారు. టీ ఇచ్చారు. బయట నలభై డిగ్రీలు, లోపల కూర్చుంటే ఊటీ. ఇంజన్ చప్పుడే వినపడలేదు, టోకెన్ ఇచ్చేశాను. మూడో రోజు పొద్దున అపార్టుమెంటు సెల్లార్‌లో స్టార్ట్ చేస్తే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "ఏంది సార్, లోపల ఏదో ఊడినట్టుంది" అన్నాడు. బండి కొనేటప్పుడు అతన్ని తీసుకెళ్ళి ఉంటే సరిపోయేది.

చెవి ఎక్కడ పెట్టాలి

320డిలో అన్నిటికంటే పెద్ద బిల్లు టైమింగ్ చైన్‌ది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే తీరుకు సరిగ్గా వాల్వులు (గాలినీ పొగనూ వదిలే మూతలు) తెరుచుకుని మూసుకునేలా చేసే గొలుసు అది. చాలా ఇంజన్లలో ఇది ముందువైపు, రేడియేటర్ దగ్గర ఉంటుంది. ఈ బండిలో మొదట వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్లో మాత్రం వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన పెట్టారు. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి, లేదా ఇంజన్నే బయటికి లాగాలి. అందుకే గొలుసు ఖరీదు కంటే కూలి ఖరీదు భయపెడుతుంది. సాగిన గొలుసును పట్టించుకోకుండా నడిపి, అది ఎక్కడో తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకు కొట్టుకుంటాయి. అప్పుడు లెక్క గొలుసుది కాదు, ఇంకో ఇంజన్‌ది.

2011కు ముందు తయారైన ఎన్47లలో ఈ జబ్బు ఎక్కువ. ఎఫ్30లోకి వచ్చేసరికి తగ్గింది గానీ, ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. మీ నోటుబుక్కు తీయండి. ఆయిల్‌ను పదివేలకోసారి మార్చిన యజమాని బండి ఒకవైపు, డ్యాష్‌బోర్డు అడిగినప్పుడే మార్చి ఇరవై పాతిక వేలు లాగించిన బండి ఇంకోవైపు. మీటరు మీద రెండూ 80 వేలే చూపించినా, నా దృష్టిలో రెండోదానికి వయసెక్కువ.

ఎన్47 ఏదో, దాని తర్వాతి బి47 ఏదో ఆర్సీలో సీసీ చూసి చెప్పలేరు, రెండూ 1995 సీసీలే. పవర్ చూడండి: ఎఫ్30లో 184 హార్స్ పవర్ అయితే ఎన్47, ఫేస్‌లిఫ్ట్ (అదే తరంలో రూపురేఖలు కాస్త మార్చడం) తర్వాత వచ్చిన 190 అయితే బి47. బి47లోనూ గొలుసు వెనకే ఉంది గానీ దాని మీద నమ్మకం ఎక్కువ. ధరలో తేడా మరీ పెద్దది కాకపోతే నేను కళ్ళు మూసుకుని 190 వైపే వెళ్తాను.

సరే, వినడం ఎలా? స్టార్ట్ బటన్ ఓనరు నొక్కాలి, మీరు నొక్కకూడదు. బానెట్ ఎత్తించి, మీరు ముందు గ్రిల్ దగ్గర కాకుండా పక్కకు వచ్చి, ముందు అద్దానికి (విండ్‌షీల్డ్‌కు) దగ్గరగా, ఇంజన్ వెనకభాగం వైపు చెవి పెట్టి నిలబడండి. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి. డీజిల్ ఇంజన్ పొద్దున్నే కాస్త టకటకలాడుతుంది, అది దాని స్వభావం, ఒకే లయలో ఉంటుంది. మనం వెతికేది వేరు: మొదటి రెండు మూడు సెకన్లలో గిలక్కాయ ఊపినట్టు, సైకిల్ చైను దాని కవరుకు రాసుకుంటున్నట్టు ఒక గరగర. తర్వాత ఓనరును ఆక్సిలరేటర్ మెల్లగా తొక్కి 1500, 2000 ఆర్‌పీఎం మధ్య కాసేపు ఉంచమనండి. ఆ గరగర ఇంజన్ వేగంతో పాటే పెరుగుతూ, వెనకవైపు నుంచే వస్తుంటే నోటుబుక్కులో "చైన్" అని రాసి కింద గీత గీయండి.

కొత్త చెవికి ఇది ఒక్కసారికి పట్టుబడదు. మూడు బండ్లు వినమనేది అందుకే. మొదటిదాని చప్పుడు మామూలే అనిపిస్తుంది. రెండోది విన్నాక ఫోన్లో మొదటిది మళ్ళీ వినండి, అప్పుడు తెలుస్తుంది.

కూలెంట్ సీసా

స్టార్ట్ చేయించకముందే ఇది చూసి ఉండాలి, నేనే వరస తప్పి చెబుతున్నాను. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకులో మట్టం ఎంత ఉంది? రంగు ఒకేలా ఉందా? పైన నూనె తెట్టు ఏమైనా తేలుతోందా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తప్ప ఆ మూత తిప్పొద్దు, ముఖం కాలిపోతుంది.

డీజిల్ బీఎండబ్ల్యూలో కూలెంట్ తగ్గుతూ ఉండటాన్ని చిన్నగా తీసుకోకండి. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్ళీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ కూలర్ అని ఒకటుంటుంది. అది లోపల కారితే కూలెంట్ వెళ్ళి మసితో, నూనెతో కలిసి గడ్డకడుతుంది. వేడి పొగ తగిలినప్పుడు ఆ ముద్ద రాజుకుని, ఇంజన్లోకి గాలి తీసుకెళ్ళే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కరిగిపోతుంది. 2018లో దక్షిణ కొరియాలో వరుసగా బీఎండబ్ల్యూ కార్లు తగలబడింది దీనివల్లే. అక్కడ లక్షకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు, ఆ ఏడాదే అది ఇతర దేశాలకూ పాకి మొత్తం 16 లక్షలకు చేరింది. మీరు చూసే బండి ఛాసిస్ నంబరు మీద చేయాల్సిన రీకాల్ పని ఏదైనా మిగిలి ఉందా అని కంపెనీ సర్వీసు సెంటర్‌ను అడగండి. అడగటానికి డబ్బు కాదు. "మొన్నే కూలెంట్ టాపప్ చేయించాం సార్" అని ఓనరు గర్వంగా చెబితే, ఎందుకు తగ్గిందో అడగండి.

గేర్‌బాక్స్

ఇందులో ఉండేది జెడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. గట్టి గేర్‌బాక్స్. అయితే దాని ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదని బండి అమ్మే కంపెనీ అంటుంది, గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు మార్చమంటుంది. నేను తయారుచేసినవాడి మాటే వింటాను. ఎఫ్30 బండ్లు చాలావరకు ఎనిమిదేళ్ళు దాటేశాయి కాబట్టి ఆయిల్ మార్చిన బిల్లు ఉందా అని అడగండి. ఫిల్టర్, కింది ప్యాన్ రెండూ కలిసిన ఒకే ప్లాస్టిక్ ముక్క. ఆయిల్ మార్చడమంటే ఆ ముక్కనూ మార్చడమే. బిల్లులో ఆయిల్ ఒక్కటే ఉంటే పని సగమే జరిగిందన్నమాట.

ఇంకా చల్లగా ఉండగానే బ్రేక్ తొక్కి పి (పార్కింగ్) నుంచి ఆర్ (రివర్స్)కు, ఆర్ నుంచి డి (ముందుకు)కి వేయండి. గేర్ పడటానికి ఒక్క క్షణం పట్టాలి, వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉండకూడదు. కాలనీలోనే ఒక రౌండు వేసి, మెల్లగా బ్రేక్ మీద ఆగుతూ మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు కుదుపు ఉందేమో గమనించండి. బండి నిలిపిన చోట నేల మీద మరకలు చూడండి. హైవే పరీక్ష ఇవాళ వద్దు.

(వేరే బండి వెతుకుతున్నవాళ్ళకు ఓ మాట. పాత ఆడి ఏ4 డీజిల్‌లో మల్టీట్రానిక్ అనే సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్), ఏ3 1.4 పెట్రోల్‌లో డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) ఏడు గేర్ల ఆటోమేటిక్. రెండూ అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకే బతుకుకు పుట్టినవి కావు. ఆడి పాత 1.8 టీఎఫ్ఎస్ఐ పెట్రోల్ ఇంజన్లు ఆయిల్ తాగుతాయి. మెర్సిడెస్ డబ్ల్యూ204 సీ-క్లాస్ అయితే స్టీరింగ్ లాక్ గురించి తప్పకుండా అడగాలి, అది పోతే బండి ఉన్నచోటే శిల. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది ఇదంతా విని "లెక్సస్ ఈఎస్ కొనుక్కో బావా, ఆయిల్ పోసి మర్చిపో" అంటాడు. నిజమే, వాడున్న ఊళ్ళో పాతవి వీధికొకటి. ఇక్కడ లెక్సస్ వచ్చిందే 2017లో.)

తుడిచేసిన తప్పులు

బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పులు చదివే ఓబీడీ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలుస్తుంది. డ్యాష్‌బోర్డు కింద సాకెట్‌లో పెట్టి చూస్తే తప్పుల కోడ్లు వస్తాయి. "ఒక్క కోడ్ కూడా లేదు" అని సంబరపడకండి. మీరొస్తున్నారని తెలిశాక వాటిని తుడవడం రెండు నిమిషాల పని. యాప్‌లో "కోడ్లు తుడిచాక తిరిగిన దూరం" అనే అంకె వెతకండి. అది వేలల్లో ఉంటే మంచిది. నాలుగు కిలోమీటర్లని చూపిస్తే నిన్న సాయంత్రం ఎవరో శుభ్రం చేశారు. అన్ని బండ్లూ ఈ అంకె ఇవ్వవు. ఇవ్వకపోతే బండి కంప్యూటర్ తనకు తానే చేసుకునే ఎమిషన్ (పొగ) పరీక్షలు "పూర్తి కాలేదు" అని ఎన్ని ఉన్నాయో చూడండి, అవి ఎక్కువగా ఉన్నా అదే అనుమానం.

నీళ్ళు తాగిన బండి

2015 డిసెంబర్ చెన్నై, 2020 అక్టోబర్ హైదరాబాద్, 2024 సెప్టెంబర్ బుడమేరు పొంగినప్పటి విజయవాడ. ఈ మూడు వరదల తేదీలు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. సర్వీసు చరిత్రలో ఆ నెలల తర్వాత ఆరేడు నెలల ఖాళీ ఉంటే ఆగి ఆలోచించాలి. బీఎండబ్ల్యూలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, అక్కడ నీరు చేరిందంటే దాని చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్స్ ఏదో ఒక రోజు మొరాయిస్తాయి. డిక్కీ అడుగు మ్యాట్ ఎత్తి మూలల్లో సన్నని బురద పొడి ఉందేమో వేలితో తుడవండి. సీట్ బెల్టును చివరిదాకా లాగండి: రోజూ వాడే పైభాగం కడుగుతారు, లోపల చుట్టుకున్న చివర ఎవరూ కడగరు. మరక గీత అక్కడ దొరుకుతుంది. సీటు కింద పట్టాలకు తుప్పు, తలుపు తీయగానే గుప్పున వచ్చే సెంటు వాసన, రెండూ చెడ్డ గుర్తులే.

టైర్ల గురించి రెండు ముక్కలు. చాలావాటికి రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు), స్టెప్నీ ఉండదు. మన గుంతల్లో పడి పక్కగోడ ఉబ్బి ఉంటుంది, లోపలివైపు కూడా చెయ్యి పెట్టి తడమండి. పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం.

ఈ వారం పని

ముగ్గురు ఓనర్లకు ఫోన్ చేసి మూడు పొద్దులు ఖాయం చేసుకోండి. ప్రతి బండికీ నలభై సెకన్ల చప్పుడు రికార్డింగ్, కూలెంట్ ట్యాంకు ఫోటో, సీట్ బెల్టు చివర ఫోటో, ఓబీడీ యాప్ స్క్రీన్ ఫోటో. నోటుబుక్కులో బండికో పేజీ: ఎడమవైపు మీరు పట్టుకున్న లోపం, కుడివైపు ఆ పని చేయడానికి కంపెనీ సర్వీసు సెంటర్ చెప్పిన ధర, దాని పక్కనే బయటి గ్యారేజీ చెప్పిన ధర. గ్యారేజీకి ఫోన్ చేసేటప్పుడు "బండి నాదే" అనండి, కొనబోతున్నానంటే ధర మారుతుంది. ఇంకా ఎవరికీ టోకెన్ ఇవ్వొద్దు.

నాలుగో పాఠానికి ఈ మూడింట్లో మిగిలిన ఒక బండితో గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాం. ఢిల్లీ నుంచి వచ్చిన డీజిళ్ళు, ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్ గొడవ ఐదో పాఠంలో.