అరకు ఘాట్‌కు సైకిళ్ళ మీద వెళ్ళే బృందాలు పాటించవలసిన జాగ్రత్తలు

చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి అరకుకు సైకిళ్ళ మీద బయలుదేరే మిత్రబృందాలకు కొదువ ఉండదు. ఇటీవల అనంతగిరి ఘాట్‌లో అటువంటి ఒక బృందం నుంచి వెనుకబడిన కుర్రవాడు మలుపులో ఇసుక మీద జారి పడి మోచేయి విరగ్గొట్టుకోగా, పైకి చేరినవారికి ఆ సంగతి టిఫిన్లు వచ్చి ఒక ప్లేటు మిగిలిపోయినప్పుడు గానీ తెలియలేదు. దారిన పోయే జీపువాళ్ళు అతన్ని శృంగవరపుకోటకు దించారు. అతని జేబులో డబ్బు లేదు. ఉమ్మడి నిధి అంతా ఒక్కరి దగ్గరే ఉంది, ఆ ఒక్కరూ అందరికన్నా ముందున్నారు.

హెల్మెట్ గురించి, మంచినీళ్ళ గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు, అవి అందరికీ తెలిసినవే. బృందాలను దెబ్బతీయగా నేను మళ్ళీ మళ్ళీ చూసిన తప్పు ఒక్కటే: వంటకు, గిన్నెలకు, పద్దుకు, గదులకు వంతులు వేసుకున్నవారు అందరికంటే చివర రావడానికి మాత్రం ఎవరినీ నియమించరు.

పనుల పంపకం. సైకిల్ క్లబ్బులవాళ్ళు స్వీప్ అనే ఈ చివరి మనిషిని బయలుదేరే ముందే పేరు పెట్టి నిర్ణయించాలి. అతని వెనుక బృందంలోని సైకిల్ ఒక్కటి కూడా ఉండకూడదు. పంక్చర్ కిట్టు, గాలిపంపు, మందుల పెట్టె అతని సంచిలోనే ఉండాలి, ఎందుకంటే ముందున్నవాడి టైరు దిగిపోతే కాసేపు ఆగినా వెనుక నుంచి కిట్టు వచ్చి చేరుతుంది గాని, వెనుకవాడి టైరు దిగిపోయినప్పుడు ముందుకు వెళ్ళిపోయిన కిట్టు వెనక్కి రాదు. ఎలాగూ నెమ్మదిగానే వస్తాడు కదా అని బృందంలో అందరికన్నా బలహీనుడికి ఈ పని అప్పగించడం మారువేషంలో వచ్చిన అదే తప్పు. గట్టివాడే చివర ఉండాలి, శృంగవరపుకోట వరకు ఒకరు, అక్కడి నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు మరొకరు వంతు తీసుకోవాలి. ఆ రోజు చివర వచ్చినవారికి సాయంత్రం గిన్నెలు తోమే పని ఉండకూడదు. ఇది కూడా చాకిరీయేనని అందరూ ఒప్పుకుంటే తప్ప మర్నాడు ఎవరూ ముందుకు రారు.

ఖర్చుల పంపకం. అందరూ సమానంగా ముందే డబ్బు వేసుకోవాలి. పద్దు రాసే మనిషి ఒకరే ఉండాలి, కాని నిధిలో కొంత భాగం నోట్ల రూపంలో చివరి మనిషి దగ్గర ఉండి తీరాలి, ఎందుకంటే ఘాట్‌లో సిగ్నల్ అందని చోట్ల ఫోన్ చెల్లింపు పనిచేయదు. లెక్క ఏ రాత్రికి ఆ రాత్రే తేల్చుకోవాలి. బొంగు చికెన్ తిననివారి మీద దాని ఖర్చు వేయకూడదు. చిన్న మాటే అయినా స్నేహాలు చెడిపోయేది ఇక్కడే. అద్దె సైకిల్‌కు దెబ్బ తగిలితే ఎవరు కట్టాలో సైకిల్ తీసుకునే నాడే మాట్లాడుకోవాలి.

ఘాట్. విశాఖ నుంచి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. అసలు కష్టం శృంగవరపుకోట దాటాకే మొదలవుతుంది, గాలికొండ దాకా ఎక్కుడే. ప్రమాదాలు మాత్రం దిగేటప్పుడే పొంచి ఉంటాయి. బ్రేకును ఏకబిగిన నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు గనుక గట్టిగా నొక్కి వదులుతూ, రెండు బ్రేకులనూ వాడుతూ దిగాలి. సందేహంగా ఉంటే ఆగి చక్రాలను చల్లారనివ్వండి. ఇరుకు కొండదారిలో ఎక్కే వాహనానికే దారి ఇవ్వాలన్నది రహదారి నియమం, దిగేవారు అది మరచిపోవద్దు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను. ప్రతి ఊరి దగ్గరా ఆగి తలలు లెక్కపెట్టండి. చివరి మనిషి వచ్చి చేరేదాకా ముందువాళ్ళు కదలవద్దు. అతను రాగానే బయలుదేరవద్దు, అతనికీ విశ్రాంతి కావాలి. మలుపులో ఆగి ఫొటోలు తీసుకోవద్దు. పొగమంచులో దీపం లేని సైకిల్‌ను రోడ్డెక్కించవద్దు. డిసెంబరులో సాయంత్రం 5:30 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, అంతకు గంట ముందే బసకు చేరండి. ఒకే కొలత టైర్లున్న సైకిళ్ళు తెచ్చుకోండి, లేదంటే ఎవరి ట్యూబు వారే మోయాలి. చెవుల్లో పాటలు వద్దు. పందేలు వద్దు. 108 నంబరుకు ఫోన్ చేసేవాడు తానున్న చోటు చెప్పగలగాలి గనుక దాటిన కిలోమీటరు రాయిని ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి. చివరి మనిషి లేకుండా ఒక్క కిలోమీటరు కూడా కదలవద్దు, "ఇంకెంత, పక్కనే కదా" అన్న మాట అసలు వినవద్దు. ఎవరైనా వెనక్కి తిరిగితే తోడుగా ఇంకొకరు వెళ్ళాలి, ఆ ఇద్దరి బస్సు ఖర్చు ఉమ్మడి నిధి నుంచే ఇవ్వాలి, దాని మీద వాదన వద్దు.