టేప్‌ఔట్‌కు ముందే ఫేజ్ నాయిస్ పని పట్టండి: డిజిటల్ పీఎల్ఎల్ డిజైనర్లకు జాగ్రత్తలు

పీఎల్ఎల్ అంటే స్థిరమైన రిఫరెన్స్ క్లాక్‌ను పట్టుకుని రేడియోకు కావలసిన ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్, ఆ ఫ్రీక్వెన్సీలో కనిపించే వణుకే ఫేజ్ నాయిస్. డిజిటల్ పీఎల్ఎల్‌లో లూప్ ఫిల్టర్ డిజిటల్ కాబట్టి, టేప్‌ఔట్ (డిజైన్‌ను తయారీకి పంపడం) తర్వాత తేడా వస్తే చిప్ వచ్చాక రిజిస్టర్లు మార్చి సర్దుకోవచ్చన్న ధీమా చాలామందిలో కనిపిస్తుంది. అందులో నిజం సగమే. లూప్ బ్యాండ్‌విడ్త్‌ను (లూప్ ఎంత వేగంగా సవరించుకుంటుందో దాన్ని) తర్వాతైనా మార్చుకోవచ్చు. టీడీసీ (సమయాన్ని అంకెగా మార్చే భాగం) రిజల్యూషన్, డీసీఓ (అంకెలతో నడిచే ఆసిలేటర్) కాయిల్ నాణ్యత, సప్లై తీగలు వెళ్లే దారి మాత్రం సిలికాన్‌లో ఒకసారి పడితే పడినట్లే.

మొదట లక్ష్యం తేల్చుకోండి. వైఫైలో 1024 క్వామ్‌కు (ఒక్కో సింబల్‌లో పది బిట్లు పంపే పద్ధతికి) ట్రాన్స్‌మిటర్ ఈవీఎం, అంటే సిగ్నల్‌లోని మొత్తం పొరపాటు, మైనస్ 35 డీబీకి దిగాలి. పవర్ యాంప్లిఫయర్ తెచ్చే వక్రీకరణ, ఐక్యూ అసమానత (ఐ, క్యూ అనే రెండు సిగ్నల్ దారుల మధ్య తేడా) కూడా అందులోంచే వాటా అడుగుతాయి. పీఎల్ఎల్‌కు మైనస్ 45 డీబీ కేటాయిస్తే 5.5 గిగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 0.32 డిగ్రీలు, అంటే 160 ఫెమ్టోసెకన్ల జిట్టర్ (క్లాక్ అంచుల అటూ ఇటూ కదలిక). జీఎస్ఎం సంగతి వేరు. అక్కడ 900 మెగాహెర్ట్జ్ హ్యాండ్‌సెట్‌కు 20 మెగాహెర్ట్జ్ ఆఫ్‌సెట్‌లో, అంటే క్యారియర్‌కు అంత దూరంలో, మైనస్ 162 డీబీసీ/హెర్ట్జ్ (క్యారియర్‌తో పోల్చి ఒక్కో హెర్ట్జ్‌కు కొలిచే నాయిస్) అందుకోవడమే గండం. ఒకచోట లూప్ లోపలి నాయిస్, మరోచోట డీసీఓ నాయిస్ ప్రాణం తీస్తాయి. ఏది తగ్గించాలో తెలియకుండా అన్నింటినీ తగ్గించబోతే మిగిలేది కరెంటు ఖర్చే.

లూప్ లోపల పెత్తనం సాధారణంగా టీడీసీది. 2 గిగాహెర్ట్జ్ అవుట్‌పుట్, 26 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్, 20 పికోసెకన్ల రిజల్యూషన్ అనుకుంటే క్వాంటైజేషన్ నాయిస్ (సమయాన్ని అడుగులుగా కొలవడం వల్ల వచ్చేది) మైనస్ 97 డీబీసీ/హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. రిజల్యూషన్‌ను 10 పికోసెకన్లకు తెస్తే 6 డీబీ, రిఫరెన్స్‌ను రెట్టింపు చేస్తే 3 డీబీ లాభం. రెండోది చౌకగా కనిపిస్తుంది కదా అని డబ్లర్ (రిఫరెన్స్‌ను రెట్టింపు చేసే సర్క్యూట్) పెట్టేస్తారు. క్రిస్టల్ డ్యూటీ సైకిల్ 50 శాతం నుంచి ఎంత పక్కకు జరిగితే 26 మెగాహెర్ట్జ్ ఆఫ్‌సెట్‌లో అంత స్పర్ (అక్కర్లేని సన్నని సిగ్నల్) లేస్తుంది. డబ్లర్‌తో పాటు డ్యూటీ సైకిల్ సవరణ కూడా పెట్టండి, లేకపోతే రెండూ మానేయండి.

పై లెక్క టీడీసీ అడుగులన్నీ సమానమని నమ్ముతుంది. నిజంలో అవి సమానంగా ఉండవు. ఆ ఎగుడుదిగుడు బయటపడేది రిఫరెన్స్‌కు పూర్ణాంక రెట్లున్న ఫ్రీక్వెన్సీకి పక్కనున్న ఛానెళ్లలో. బ్లూటూత్‌నే చూడండి: 26 మెగాహెర్ట్జ్‌కు 94 రెట్లు 2444 మెగాహెర్ట్జ్. డీసీఓ అదే ఫ్రీక్వెన్సీలో నడుస్తుంటే 2445 ఛానెల్‌లో ఫ్రాక్షనల్ స్పర్ సరిగ్గా 1 మెగాహెర్ట్జ్ దూరంలో కూర్చుంటుంది. 2417, 2419, 2443, 2469, 2471 ఛానెళ్లదీ అదే కథ. బ్యాండ్ మధ్యలో ఏదో ఒక అనుకూలమైన ఛానెల్ మీద సిమ్యులేషన్ నడిపి నివేదిక పంపేవాళ్లున్నారు. ఇల్లు అలకగానే పండగ అయిపోదు. ముందుగా నడపాల్సింది ఈ చెడ్డ ఛానెళ్లనే.

బ్యాండ్‌విడ్త్ దగ్గర తొందరపడవద్దు. టీడీసీ నాయిస్ ఎక్కువైందని బాగా తగ్గిస్తే అప్పటిదాకా అణిగి ఉన్న డీసీఓ నాయిస్ పైకి లేస్తుంది. టీడీసీ, డీసీఓ నాయిస్ వక్రరేఖలు రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ మొదలుపెట్టి అటూ ఇటూ జరిపి చూడండి. లేటెన్సీని (లూప్‌లో పడే ఆలస్యాన్ని) అసలు మరచిపోవద్దు. టైమింగ్ కుదరలేదని డిజిటల్ బృందం ఫిల్టర్‌లో ఒక పైప్‌లైన్ రిజిస్టర్ చేరుస్తుంది, ఎవరికీ చెప్పదు. లూప్ 500 కిలోహెర్ట్జ్, రిఫరెన్స్ 26 మెగాహెర్ట్జ్ అయితే ఆ ఒక్క సైకిలుకే దాదాపు 7 డిగ్రీల ఫేజ్ మార్జిన్ (లూప్ అదుపు తప్పకుండా ఉంచే వెసులుబాటు) పోతుంది. అలాంటివి మూడు చేరితే బ్యాండ్ అంచున నాయిస్ మూపురంలా పైకి లేస్తుంది. ఆర్‌టీఎల్ (డిజిటల్ భాగం కోడ్) ఖరారయ్యాక సైకిళ్లు మళ్లీ లెక్కపెట్టి లూప్ మోడల్‌లో పెట్టండి.

సప్లై విషయంలో అంకెలు వేయకుండా మాట్లాడవద్దు. డీసీఓ ఒక వోల్టుకు 50 మెగాహెర్ట్జ్ చొప్పున జరుగుతుందనుకుందాం. ఎల్‌డీఓ (సప్లై వోల్టేజిని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్) నాయిస్ హెర్ట్జ్ వర్గమూలానికి 20 నానోవోల్టులైతే, 1 మెగాహెర్ట్జ్ ఆఫ్‌సెట్‌లో అదొక్కటే మైనస్ 123 డీబీసీ/హెర్ట్జ్ తెస్తుంది. మంచి కాయిల్ మీద పెట్టిన ఖర్చంతా ఇక్కడ కరిగిపోతుంది. డీసీఓకు విడి ఎల్‌డీఓ ఇవ్వండి, టీడీసీతో పంచుకోనివ్వకండి.

పవర్ యాంప్లిఫయర్, డీసీఓ ఒకే ఫ్రీక్వెన్సీలో నడవకుండా చూడండి, లేకపోతే మొదటిదాని బలమైన సిగ్నల్ రెండోదాన్ని కదిలిస్తుంది. డీసీఓను రెట్టింపులో నడిపి రెండుతో భాగించడం పాత పద్ధతే, పనిచేస్తుంది. వీలైతే ఎనిమిది అంకె ఆకారపు కాయిల్ వాడండి.

బోర్డు మీద ఒక చిన్న దొంగ ఉంటాడు: ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ సిరామిక్ కెపాసిటర్. కంపనం తగిలితే వోల్టేజి పుట్టిస్తుంది. ఎల్‌డీఓ అవుట్‌పుట్‌లోని కెపాసిటర్‌ను పెన్సిల్ కొనతో మెల్లగా తట్టి, ఎనలైజర్ తెర మీద క్యారియర్ పక్కన ఏమైనా లేస్తుందేమో చూడండి. ఫ్యాను దగ్గర పనిచేసే పరికరమైతే ఈ పరీక్ష తప్పనిసరి.

కొలతకు మామూలు స్పెక్ట్రమ్ ఎనలైజర్ చాలకపోవచ్చు, దాని సొంత నాయిస్ అడ్డు వస్తుంది. క్రాస్ కోరిలేషన్ పరికరం వాడితే సగటు తీసే కొలతల సంఖ్యను పది రెట్లు పెంచిన ప్రతిసారీ పరికరం సొంత నాయిస్ 5 డీబీ కిందికి దిగుతుంది, ఓపిక ఉండాలంతే. వీటన్నింటికంటే ముందు చిప్‌లోనే టీడీసీ కోడ్లను కొన్ని వేలు పట్టి ఉంచే చిన్న మెమరీకి చోటు అడిగి పెట్టుకోండి. చిప్ చేతికొచ్చాక నాయిస్ టీడీసీదో, రిఫరెన్స్‌దో, డీసీఓదో విడదీయాలంటే ఆ కోడ్లు దొరకాల్సిందే.