గెలాడాలను చూడాలంటే గుంపును కాదు, కుటుంబాన్ని పట్టుకోండి

ఇథియోపియాలోని సిమియెన్ కొండల మీద గెలాడా కోతులు ఒక్కోసారి వందల్లో కలిసి మేస్తాయి. ఆ మందనంతా ఒకేసారి చూడబోతే ఏమీ తెలియదు. అది తిరునాళ్ల జనం లాంటిది, కలిసి కనిపించినా ఎవరి ఇంటివాళ్లు వాళ్లకే. ఒక జూలు మగ, ఒకటి నుంచి డజను దాకా ఆడవి, వాటి పిల్లలు: ఇదీ కుటుంబం. ఆడవి ఎక్కువగా అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు. మగవి మారిపోతుంటాయి.

రాత్రిళ్లు ఇవి నిట్టనిలువు రాతిచరియల మీద పడుకుని, ఎండ పడ్డాక పైకొస్తాయి. వెంటనే మేతకు పోవు. అంచున ఎండ కాచుకుంటూ ఒకదాని వెంట్రుకలు ఒకటి పాయలు తీసి శుభ్రం చేసుకుంటాయి. ఎవరు ఎవరివాళ్లో తెలిసేది ఈ కాసేపే. మేతలో పడ్డాక కుటుంబాలు కలిసిపోయి లెక్క తప్పుతుంది. పొద్దున్నే చరియల దగ్గర ఉండాలి, అందుకే బస దెబార్క్ ఊళ్లో కంటే దాదాపు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సంకాబర్ క్యాంపులో మేలు. ఆ ఎత్తులో తలనొప్పి రావచ్చు. మొదటి రోజు నడక తగ్గించండి, నొప్పి ముదిరితే కిందికి దిగిపోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, మంచు కమ్మితే పది గజాల అవతల ఏముందో కనిపించదు.

మందకూ చరియకూ మధ్య మాత్రం నిలబడొద్దు. బెదిరితే అవి పారిపోయేది అటే. పక్కగా కూర్చోండి, కళ్లలోకి తేరిపార చూడకండి. తిండి చూపించకండి. మన గుడిమెట్ల కోతుల్లా సంచులు లాక్కునే రకం కాదివి, తినేదాంట్లో దాదాపు 90 శాతం గడ్డే.

బైనాక్యులర్‌ను గెలాడా ముఖం వైపు కాదు, దాని చేతి వైపు తిప్పండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి పోచ తర్వాత పోచ గిల్లుతుంది, గుప్పెట్లో పోగయ్యాక నోట్లో వేసుకుంటుంది. ఆ చోట గడ్డి అయిపోయినా లేవదు. వేరుశనగ చేలో కలుపు తీసేవాళ్లలా కూర్చున్నపాటునే ముందుకు జరుగుతుంది. ఎండాకాలం పచ్చిక తగ్గితే అవే వేళ్లతో నేల తవ్వి దుంపలు, వేర్లు తీస్తుంది.

ఛాతీ మీద వెంట్రుకలు లేని ఎర్రమచ్చ మగకూ ఆడకూ ఉంటుంది. ఎదకొచ్చిన ఆడదాని మచ్చ చుట్టూ నీటిపొక్కుల్లాంటి పూసలు ఉబ్బుతాయి. రోజంతా కూర్చునే ఉంటుంది కాబట్టి, కొన్ని కోతుల్లో పిరుదుల మీద కనిపించే ఈ గుర్తు దీనికి ఛాతీకి మారిందని ఒక వివరణ. మగల్లో కుటుంబం ఉన్నదాని మచ్చ బ్రహ్మచారి మచ్చ కంటే ఎర్రగా ఉంటుంది.

ఎక్కువమంది బోల్తా పడేది పెదవి దగ్గర. పైపెదవిని ముక్కు మీదికి తిరగేసి చిగుళ్లన్నీ చూపిస్తే అది నవ్వు కాదు. కనుబొమలెత్తి తెల్లటి రెప్పలు చూపిస్తే బెదిరింపు. అది మీ వైపే చేస్తుంటే వెనక్కి జరగండి.

కుటుంబం పక్కనే నాలుగైదు మగలు కలిసి తచ్చాడుతుంటే, ఆడవి లేని ఆ ముఠాను ఇంకో కుటుంబంగా రాసుకోకండి. పాత మగను తరిమేసి కుటుంబాన్ని చేజిక్కించుకోవాలని చూసే బ్రహ్మచారులవి. గెలిచిన మగ చంటిపిల్లల్ని చంపేయడం మామూలు. కడుపుతో ఉన్న ఆడవాటికి చాలావరకు గర్భం పోతుంది. ఓడిన పాత మగ ఒక్కోసారి అక్కడే ఓ పక్కన ఉండిపోతుంది. కాబట్టి ఒకే కుటుంబంలో రెండు జూలు మగలు కనబడితే మీ లెక్క తప్పని కొట్టేయకండి. ఆడవి ఏ మగ వెంట్రుకలు శుభ్రం చేస్తున్నాయో మర్నాడు పొద్దున చరియ అంచున మళ్లీ చూడండి.