వాదవ్యాసంలో పూర్వపక్షానికి ఇవ్వవలసిన చోటు

వాదవ్యాసం రాయమనగానే చాలామంది విద్యార్థులు ఆ విషయం గురించి తమకు తెలిసినదంతా వరుసగా రాసి, చివరి పేరాలో "కనుక ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి" అని ముగిస్తారు. అది సమాచార వ్యాసమే గాని వాదం కాదు. ఎదుటివారు కాదనడానికి వీలున్న ఒక మాటను నిలబెట్టినప్పుడే అది వాదమవుతుంది. "చదువులో మాతృభాషకు ఎంతో ప్రాధాన్యం ఉంది" అంటే ఎవరూ కాదనరు. "ఐదో తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలల్లో బోధన తెలుగులోనే సాగాలి, ఇంగ్లీషును మాత్రం ఒకటో తరగతి నుంచే ఒక భాషగా గట్టిగా నేర్పాలి" అంటే ఊరూరా కాదనేవారుంటారు. కలం పట్టగానే ముందు అలాంటి వాక్యం ఒకటి రాసుకోవాలి.

దీన్ని మన ప్రాచీన తర్కమైన న్యాయశాస్త్రం ప్రతిజ్ఞ అంటుంది. ఆ తరవాత హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం వస్తాయి. కొండమీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నదే, ఈ కొండమీదా అలాంటి పొగే ఉంది, కనుక నిప్పుంది. విద్యార్థుల వ్యాసాల్లో తరచుగా తప్పిపోయేది నాలుగోది, అంటే చెప్పిన నియమం ఈ సందర్భానికి ఎలా వర్తిస్తుందో చూపడం.

హేతువును నమ్మేముందు దాన్ని పరీక్షించాలి. "జపాను వాళ్లు తమ భాషలో చదువుకున్నారు, అందుకే ఎదిగారు" అన్నది వినడానికి బాగుంటుంది. కాని తమ భాషలోనే చదువుకుంటూ వెనకబడిన దేశాలూ ఉన్నాయి కాబట్టి ఆ హేతువు నిలవదు. తర్కంలో దాన్ని సవ్యభిచారం అంటారు. ప్రమాణాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ బోధన మాతృభాషలో ఉండాలంటూనే "ఆచరణ సాధ్యమైనంత వరకు" అనే షరతు పెట్టింది. మనకు అడ్డుగా ఉందని ఆ షరతును వదిలేసి రాయడం పాఠకుణ్ణి మోసగించడమే. ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేసిన 81, 85 నంబరు జీవోలను 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు జీవోలు చెల్లవని చెబుతుంది గాని, తెలుగులో చెబితే పిల్లలకు పాఠం బాగా వస్తుందని రుజువు చేయదు. ఆ రుజువు వేరే తేవాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టవలసింది పూర్వపక్షం మీద, అంటే మనం జవాబు చెప్పవలసిన ఎదుటివారి వాదం మీద. "తల్లిదండ్రులకు ఇంగ్లీషు మోజు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎదుటిపక్షానికి అన్యాయం చేసినట్టే. వారి అసలు వాదం ఇది: ఉన్నవాళ్ల పిల్లలంతా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతుంటే, పేదల పిల్లలే, అందులోనూ దళిత, బహుజన పిల్లలే భాషను కాపాడే బరువు ఎందుకు మోయాలి? ఈ ప్రశ్నను ఇంత పదునుగా ముందు పెట్టి, తరవాత జవాబు చెప్పగలిగిన వ్యాసమే నిలుస్తుంది. జవాబు దొరకకపోతే ప్రతిజ్ఞనే సవరించుకోవాలి. పైన చెప్పిన ప్రతిజ్ఞలో ఇంగ్లీషు గురించిన రెండో భాగం అలాంటి సవరణతో చేరిందే.

ఒప్పించే నేర్పుకు గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష కోసం చేసిన వాదం మంచి పాఠం. గ్రాంథికమే ప్రమాణమన్న పండితుల రాతల్లోనే వారి నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఆయన ఎత్తిచూపారు. పాత వచన రచనలను సాక్ష్యంగా తెచ్చారు. ఎదుటివారు గౌరవించే ప్రమాణంతోనే మాట్లాడితే వారికి తోసిపుచ్చడం కష్టమవుతుంది.

మనసును తాకే దృశ్యం ఒకటి ఉండవచ్చు. ఇంగ్లీషు పాఠాన్ని తడబడకుండా గడగడా చదివిన మూడో తరగతి పిల్ల, అందులో ఆవు ఏం చేసిందని అడిగితే దిక్కులు చూస్తుంది. ఆ దృశ్యం సమస్యను కళ్లకు కట్టిస్తుంది. అయితే ఒక్క పిల్లను చూపి రాష్ట్రమంతటికీ తీర్మానం చేయకూడదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక పూర్వపక్షం పేరాను మాత్రం విడిగా తీసి, మీతో ఏకీభవించని మిత్రుడికి చూపించండి. "అవును, నేననేది ఇదే" అని అతడు ఒప్పుకున్నాక సిద్ధాంతం పేరాను, అంటే దానికి మీరిచ్చే జవాబును, మళ్లీ మొదటినుంచి రాయండి.