డార్విన్‌ని తెరిచే ముందు ఏం చదవాలి, ఏ వరుసలో చదవాలి

జీవ పరిణామం గురించి తెలుసుకుందామని కూర్చునేవాళ్ళు చాలామంది నేరుగా డార్విన్ దగ్గరికే వెళ్ళిపోతారు. ఓడ ప్రయాణం, గాలాపాగోస్ దీవుల పిట్టలు, 1859లో ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ పుస్తకం, అంతే. పరీక్షకి అది సరిపోతుందేమో గానీ, ఈ ఆలోచన అంతకు ముందు వందేళ్ళలో ఎవరికీ పూర్తిగా ఎందుకు తట్టలేదో మాత్రం అర్థం కాదు. నా ఉద్దేశంలో అసలు రుచి అక్కడే ఉంది.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలు రాసుకోండి. భూమి వయసెంత? ఒక జంతువు జాతి మొత్తం అంతరించిపోవడం సాధ్యమేనా? ఒక జాతి మరో జాతిగా మారగలదా? మారితే ఆ మార్పుని నడిపించేది ఏమిటి? ఏ శాస్త్రవేత్త గురించి చదివినా ఆయన్ని వీటిలో ఏదో ఒక ప్రశ్న కింద రాయండి. వరుస మాత్రం మార్చకండి. మొదటిది తేలకుండా మూడోది అడగడం ఆ రోజుల్లో ఎంత కష్టమో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కాలంతో మొదలుపెట్టండి. 17వ శతాబ్దంలో ఐర్లండ్‌లో ఉషర్ అనే ఆర్చిబిషప్ బైబిల్ వంశావళులు లెక్కగట్టి సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని తేల్చాడు. యూరప్‌లో చాలామంది మనసులో భూమి వయసు అంటే దాదాపు 6 వేల ఏళ్ళే. అదే శతాబ్దంలో, 1669లో, స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త రాతి పొరల్లో కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది అన్నాడు. ఇప్పుడు ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసే మాటలా ఉంటుంది గానీ, రాళ్ళని కాలక్రమంలో చదవడం మొదలైంది దీనితోనే. తర్వాత ఫ్రాన్స్‌లో బుఫాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఇనుప గుండ్లని కాల్చి, అవి ఎంతసేపట్లో చల్లారుతున్నాయో చూసి, ఆ లెక్కన భూమి చల్లబడడానికి సుమారు 75 వేల ఏళ్ళు పట్టి ఉంటుందని 1778లో ప్రచురించాడు. అంకె తప్పే, కానీ భూమి వయసుని ప్రయోగం చేసి కనుక్కోవచ్చు అనుకోవడమే ఒక పెద్ద అడుగు.

ఇక్కడ స్కాట్లండ్ భూగర్భ శాస్త్రవేత్త హట్టన్ దగ్గర మాత్రం తొందరపడకండి. 1788లో ఆయన ఇద్దరు మిత్రులతో పడవలో స్కాట్లండ్ తీరంలోని సికార్ పాయింట్‌కి వెళ్ళాడు. అక్కడ కింద నిట్టనిలువుగా నిలబడ్డ రాతి పొరలు, వాటి నెత్తిన దాదాపు అడ్డంగా పరుచుకున్న వేరే ఎర్ర ఇసుకరాయి పొరలు. అంటే కింది పొరలు సముద్రం అడుగున ఏర్పడాలి, గట్టిపడాలి, పైకి లేచి నిలువుగా మడతపడాలి, అరిగిపోవాలి, ఆ తర్వాతే వాటిమీద కొత్త పొరలు చేరాలి. వానా గాలీ రోజూ చేసే అరుగుదలతోనే ఇదంతా జరిగిందంటే ఎంత కాలం పట్టి ఉండాలి? వెంట వెళ్ళిన ప్లేఫేర్, అంత లోతైన కాలంలోకి చూస్తే తల తిరిగినట్టయిందని తర్వాత రాశాడు.

ఇది ఫొటోల్లో చూసి వదిలేయాల్సిన పని లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో ఇలాంటి అతుకే ఉంది: కింద అతి పురాతనమైన గ్రానైట్, దానిమీద చాలా కాలం తర్వాత చేరిన క్వార్ట్‌జైట్ పొరలు. ఈ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉందని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క, దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కూడా గుర్తించారు. ఈసారి కొండకి వెళ్ళినప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఆ రాళ్ళని చూడండి, హట్టన్ ఏం చూశాడో ఏ పుస్తకం కన్నా బాగా అర్థమవుతుంది.

రెండో ప్రశ్నకి, జంతువుల ఎముకలని పోల్చి చదివిన ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే దగ్గరికి రండి. 1796లో పారిస్‌లో ఆయన మన ఏనుగు, ఆఫ్రికా ఏనుగు, సైబీరియాలో దొరికిన మామత్ అనే ఏనుగులాంటి జంతువు ఎముకలూ దవడలూ పోల్చి, మొదటి రెండూ వేర్వేరు జాతులనీ, మామత్ వాటికి భిన్నమైనదనీ, ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదనీ చూపించాడు. దేవుడు చేసిన జీవి పూర్తిగా మాయమవడం ఏమిటి అని చాలామంది ఒప్పుకోలేదు, అమెరికాలో తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ అయితే మాస్టొడాన్ అనే మరో ఏనుగులాంటి జంతువు వంటివి పశ్చిమాన ఎక్కడో ఇంకా బతికే ఉంటాయని నమ్మాడు. అదే కాలంలో ఇంగ్లండ్‌లో కాలువల సర్వేలు చేసే విలియం స్మిత్, ఒక్కో పొరకీ దానివైన శిలాజాలు ఉంటాయనీ, వాటి వరుస ఎక్కడికి వెళ్ళినా మారదనీ గమనించి 1815లో దేశం మొత్తానికి భూగర్భ పటం గీశాడు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూడొచ్చు, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకలవి.

ఇప్పుడు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్. మన నోట్సుల్లో ఈయనకి జరిగే అన్యాయం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. జిరాఫీ మెడ సాగింది, ఆర్జిత గుణాల అనువంశికత (అంటే బతుకులో సంపాదించిన లక్షణాలు పిల్లలకి రావడం), తప్పు, అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. 1809లోనే జాతులు స్థిరం కావు, పరిసరాలతో పాటు మారుతూ వస్తాయి అని ఒక సిద్ధాంతంగా నిలబెట్టిన మనిషి ఆయన. అవయవాల వాడకం ప్రభావం పిల్లలకి వస్తుందని డార్విన్ కూడా కొంతవరకు నమ్మాడు, కాబట్టి ఆ ఒక్క కారణంతో లామార్క్‌ని పక్కన పెట్టకండి. ఈయనకీ కువియేకీ జరిగిన వాదం తప్పకుండా చదవండి. ఈజిప్టు సమాధుల నుంచి తెచ్చిన ఐబిస్ కొంగల మమ్మీలని పరిశీలించి, వేల ఏళ్ళయినా ఇవి ఇప్పటి కొంగల్లాగే ఉన్నాయి, మార్పు ఎక్కడ అని కువియే అడిగాడు. అక్కడి వాతావరణం మారలేదు, పైగా భూమి చరిత్రలో ఈ కొన్ని వేల ఏళ్ళు లెక్కలోకే రావు అని లామార్క్ జవాబు. మీ కాగితం మీద మొదటి ప్రశ్న మొదట ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది. ఇంకో సంగతి, పరిణామాన్ని చివరిదాకా ఒప్పుకోని కువియేనే అంతరించడాన్ని రుజువు చేశాడు, పరిణామాన్ని నమ్మిన లామార్కేమో జాతులు అంతరించడం కన్నా మారిపోవడమే ఎక్కువ అనుకున్నాడు. ఈ రెండు సగాలూ కలవడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

నాలుగో ప్రశ్నకి వెళ్ళేముందు లయెల్‌ని ఒకసారి చూసుకోండి. రోజూ జరిగే చిన్న మార్పులతోనే భూమి రూపుదిద్దుకుందన్న హట్టన్ ఆలోచనని విస్తరించి ఈ భూగర్భ శాస్త్రవేత్త రాసిన పుస్తకంలో, 1830లో అచ్చయిన మొదటి సంపుటాన్ని డార్విన్ ఓడలో చదువుకున్నాడు, 1835లో చిలీ భూకంపం తర్వాత తీరం కొన్ని అడుగులు పైకి లేచి ఉండడం కళ్ళారా చూశాడు.

జనాభా గురించి రాసిన ఇంగ్లిష్ ఆర్థికవేత్త మాల్థస్‌ని మాత్రం పెన్ను పట్టుకునే చదవండి. ఆహారం కన్నా జనం చాలా వేగంగా పెరుగుతారని 1798లో ఆయన రాశాడు. ఇద్దరితో మొదలుపెట్టి పాతికేళ్ళకోసారి రెట్టింపు చేస్తూ పోండి, 500 ఏళ్ళకి 20 లక్షలు దాటుతారు. ఇదే లెక్క చేపలకీ కలుపు మొక్కలకీ వేసి, మరి మిగతావన్నీ ఏమైపోతున్నాయి అని అడగండి. చాలావరకు చచ్చిపోతాయి, పరిసరాలకి పనికొచ్చే చిన్న తేడాలున్నవే ఎక్కువగా బతికి ఆ తేడాలని పిల్లలకి ఇస్తాయి. ప్రకృతి వరణం అంటే ఇదే. 1838లో మాల్థస్‌ని చదివినప్పుడు డార్విన్‌కి తట్టింది ఇదే. 1858లో మలుకు దీవుల్లో జ్వరంతో పడుకున్న ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్‌కి, ఎప్పుడో చదివిన మాల్థస్ గుర్తొచ్చి, అదే జవాబు తట్టింది.

ఇవన్నీ అయ్యాక డార్విన్ పుస్తకం తెరవండి, ఎక్కువ టైమ్ లేకపోతే మనుగడ కోసం పోరాటం, ప్రకృతి వరణం గురించిన మూడు, నాలుగు అధ్యాయాలు ముందు చదవండి. 1861లో వచ్చిన మూడో కూర్పు గానీ, ఆ తర్వాతిది గానీ దొరికితే ఇంకా మంచిది, తనకన్నా ముందు ఎవరెవరు ఏమన్నారో డార్విన్ అందులో మొదట్లోనే స్వయంగా రాశాడు. ఓడల కలప గురించి 1831లో రాసిన పుస్తకం అనుబంధంలో ప్రకృతి వరణం ఆలోచనని క్లుప్తంగా చెప్పిన పాట్రిక్ మాథ్యూ పేరు కూడా అందులో కనిపిస్తుంది. ఆయన్ని నాలుగో ప్రశ్న కింద రాసుకోండి.