టర్బో ఇంజిన్ తయారీ – 5వ పాఠం: సీసీలు పెంచాలా, బూస్ట్ పెంచాలా?

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. 86 మి.మీ. బోర్ (సిలిండర్ వ్యాసం), 86 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం), ఆరు సిలిండర్లు. మొత్తం ఎన్ని సీసీలు? 2,997 వచ్చిందా? అయితే సరిగ్గా చేశారు. అది టయోటా 2జేజెడ్-జీటీఈ ఇంజిన్. 3,000 అని గుండుగుత్తగా రాసినవాళ్లకు పోయినసారి మార్కులు వేశాను. ఈసారి వేయను. మిల్లీమీటర్‌లో పదోవంతు తేడాకు పిస్టన్ ముక్కలయ్యే చోటికి వచ్చాం మరి.

ఈ పాఠంలో తేల్చుకోవాల్సింది ఒక్కటే. మనకు 600 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలనుకుందాం. రెండు లీటర్ల ఇంజిన్‌లో బూస్ట్ (ఇంజిన్ పొగతో తిరిగే టర్బో బలవంతంగా నింపే గాలి పీడనం) ఎక్కించి తీయాలా, మూడు లీటర్ల ఇంజిన్‌లో తీరిగ్గా తీయాలా? ఏది ఎక్కువ కాలం బతుకుతుంది?

ముందు కొలబద్ద కావాలి. పవర్ స్ట్రోక్ మొదలు నుంచి చివరి దాకా పిస్టన్ నెత్తిన ఒకే పీడనం నొక్కుతోందని ఊహించుకోండి. ఇంజిన్ ఇచ్చే టార్క్ రావాలంటే ఆ పీడనం ఎంత ఉండాలి? దాన్నే బీఎంఈపీ అంటారు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కు సూత్రం చిన్నదే: టార్క్‌ను 0.1257తో గుణించి, ఇంజిన్ లీటర్లతో భాగిస్తే బార్లలో (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉండే గాలి పీడనమంత) జవాబు వస్తుంది. మన 600కి రెండు లీటర్లలో 37.7 బార్, మూడు లీటర్లలో 25.1 బార్.

ఈ అంకెల బరువు తెలియాలంటే అసలు ఇంజిన్ల పక్కన పెట్టి చూడాలి. టర్బో లేని మంచి ఇంజిన్లు 12, 13 బార్ దగ్గర ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన 2జేజెడ్-జీటీఈ జపాన్‌లో మొదట 431 న్యూటన్ మీటర్లు ఇచ్చేది, అంటే 18 బార్. 8 లీటర్ల బుగాటీ వేరాన్ 1,001 హార్స్‌పవర్, 1,250 న్యూటన్ మీటర్లు ఇస్తుందని నోరు వెళ్లబెడతాం కానీ, లెక్క కడితే 19.7 బారే. ఒక్కో లీటరు చేసే కష్టం పెద్దగా లేదు, లీటర్లే ఎక్కువ. 2019లో వచ్చిన మెర్సిడెస్ ఎం139 మాత్రం 1,991 సీసీలోనే 500 న్యూటన్ మీటర్లు ఇస్తుంది: 31.6 బార్. దాని కోసం సిలిండర్ల పైభాగం మూసి ఉండే క్లోజ్డ్ డెక్ బ్లాక్, ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా ఒత్తి మలిచిన) పిస్టన్లు, ఫోర్జ్‌డ్ స్టీల్ క్రాంక్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) పెట్టాల్సి వచ్చింది. మనం రెండు లీటర్లలో అడుగుతున్న 37.7 బార్ దానికంటే కూడా పైన ఉంది. చేయలేమని కాదు, చేసినవాళ్లున్నారు. ఏం అడుగుతున్నామో తెలిసి అడగాలంతే.

అంత కష్టమైతే చిన్న ఇంజిన్లను పిండి వేల హార్స్‌పవర్ తీసిన కథలెందుకు ఉన్నాయంటారా? చాలావాటికి కారణం రూల్‌బుక్. ఫార్ములా వన్‌లో 1966 నుంచి 1985 దాకా టర్బో లేని ఇంజిన్‌కు 3 లీటర్లు, గాలిని బలవంతంగా నింపే ఇంజిన్‌కు 1.5 లీటర్లు అన్న హద్దు ఉండేది. బీఎండబ్ల్యూ ఎం12/13 ఆ 1.5లో ఒదిగింది, 1983లో నెల్సన్ పికే దానితోనే చాంపియన్ అయ్యాడు. నిస్సాన్ ఆర్‌బీ26 ఆ 2,568 సీసీ దగ్గరే ఎందుకు ఆగింది? గ్రూప్ ఏ రేసుల్లో (రోడ్డు కార్ల ఆధారంగా తయారైన రేసు కార్ల తరగతి) టర్బో ఇంజిన్ సీసీని 1.7తో గుణించేవారు. గుణిస్తే 4,366, 4,500 సీసీ తరగతిలో సరిపోయింది. ఆ సీసీలు ఇనుము అడిగినవి కావు, నియమాలు అడిగినవి. మీకు అలాంటి నియమం లేనప్పుడు ఆ అంకెల్ని అనుకరించడం అర్థం లేని పని.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఒకే పవర్ తీయాలంటే రెండు ఇంజిన్లూ దాదాపు ఒకే బరువు గాలి పీల్చాలి, దాదాపు ఒకే ఇంధనం తాగాలి. టర్బో సైజు, ఇంజెక్టర్లు, వదిలించుకోవాల్సిన వేడి పెద్దగా మారవు. సీసీ నిర్ణయించేది ఆ గాలి ఎంత పీడనంతో, ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇంజిన్ గుండా పోవాలన్నదే. బూస్ట్ ఇంకా ఎక్కని కింది ఆర్‌పీఎంలో మాత్రం పెద్ద ఇంజిన్ పొగ ఎక్కువ తోస్తుంది కనుక అదే టర్బో త్వరగా లేస్తుంది, అంటే వేగం అందుకుని బూస్ట్ ఇస్తుంది. అది అదనపు లాభం.

అయితే పెద్దదే మేలు, అందుకని ఉన్న బ్లాక్‌నే పెద్దది చేసేద్దామా? ఆగండి. సీసీ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. దారులు రెండే: బోర్ పెంచడం, స్ట్రోక్ పెంచడం.

2జేజెడ్‌లో బోర్‌ను 86 నుంచి 87కి తీశారనుకోండి. ప్రతి సిలిండర్ గోడ నుంచీ అర మిల్లీమీటర్ ఇనుము పోయింది, వచ్చింది 70 సీసీ. స్ట్రోక్‌ను 86 నుంచి 94కి పెంచితే గోడ ముట్టకుండానే 279 సీసీ వస్తుంది. ఒక్క 70 సీసీ కోసం గోడ పలచన చేయడం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతే. గోడ అరిగి గీతలు పడినప్పుడు బోరింగ్ తప్పదు, అప్పుడు కూడా శుభ్రమయ్యేంత మేరకే తీయించండి. సీసీ కోసం మాత్రం తీయించకండి. పైగా పీడనం అంతే ఉన్నా, బోర్ పెరిగితే పిస్టన్ మీద పడే బలం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. సుబారు ఈజే20లో బోర్ 92, ఈజే25లో 99.5. సిలిండర్ కేంద్రాల మధ్య దూరం రెండిట్లోనూ 113 మి.మీ.యే. అంటే రెండు సిలిండర్ల మధ్య మిగిలే చోటు 21 నుంచి 13.5కి పడింది, ఒక్కో పిస్టన్ మీద బలమేమో 17 శాతం పెరిగింది. బలం పెరిగే చోటే ఆధారం తగ్గడమన్నమాట.

స్ట్రోక్ దారి మేలన్నాను కదా, దానికీ ఒక రుసుము ఉంది. పిస్టన్ సగటు వేగం = 2 × స్ట్రోక్ × ఆర్‌పీఎం ÷ 60. 7,000 దగ్గర 86 మి.మీ.కు సెకనుకు 20.1 మీటర్లు, 94కు 21.9. కానీ రాడ్‌ను (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీని) చంపేది వేగం కాదు, త్వరణం. పిస్టన్ పైకొచ్చి, ఆగి, వెనక్కి తిరిగే క్షణంలో త్వరణం గరిష్ఠం. దాన్ని క్రాంక్ వ్యాసార్ధం × కోణీయ వేగం వర్గం × (1 + వ్యాసార్ధం ÷ రాడ్ పొడవు) అని లెక్కిస్తాం. 142 మి.మీ. రాడ్‌తో, 7,000 దగ్గర 86 స్ట్రోక్‌కు ఇది సుమారు 30,100 మీ./సె². గురుత్వాకర్షణకు మూడు వేల రెట్లకు పైనే. అదే రాడ్‌తో 94 స్ట్రోక్ పెడితే దాదాపు 12 శాతం ఎక్కువ.

ఇప్పుడు మనసుకు నచ్చని లెక్క. ఆ 12 శాతం అదనపు భారం వద్దు, పాత భారమే ఉండాలంటే ఆర్‌పీఎంను 7,000 నుంచి 6,600 దగ్గరికి దించాలి. టార్క్ 9 శాతం పెరిగింది, ఆర్‌పీఎం 5 శాతానికి పైగా తగ్గింది. పవర్‌లో మిగిలింది 3 శాతం! స్ట్రోకర్ క్రాంక్ (స్ట్రోక్ పెంచే క్రాంక్) కొని పవర్ పెరుగుతుందనుకునేవాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ లెక్కే. స్ట్రోకర్ కొనేది కింది ఆర్‌పీఎంలో టార్క్ కోసం, టర్బో త్వరగా లేవడం కోసం. ఆ రెండూ మీకు అక్కర్లేకపోతే కంపెనీ క్రాంక్ ఉంచి, ఆ డబ్బు పిస్టన్లూ రాడ్ల మీద పెట్టండి.

రాడ్ విషయం కాస్త నిదానంగా చూద్దాం. దాని మీద పడే భారాలు రెండు రకాలు, రెండూ ఎదురెదురు దిక్కులవి. మొదటిది మంట నొక్కుడు. 86 మి.మీ. పిస్టన్ మీద సిలిండర్ పీడనం 100 బార్‌కు చేరితే దాదాపు 5.9 టన్నులు. రెండోది పిస్టన్ ఈడ్పు. పిస్టన్, పిన్, రింగులు, రాడ్ పై భాగం కలిపి 600 గ్రాములనుకుంటే 7,000 దగ్గర 1.8 టన్నులు, 8,000 దగ్గర 2.4. చూడ్డానికి మొదటిదే ప్రమాదకరం అనిపిస్తుంది. కానీ నొక్కుడు రాడ్‌ను వంచుతుంది, ఈడ్పు రాడ్ బోల్టులను తెంపుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ పైకొచ్చినప్పుడు ఎదురు నొక్కే పీడనం దాదాపు ఉండదు. ఆ ఈడ్పంతా బోల్టులదే. అందుకే ఆర్‌పీఎం పెంచేవాళ్లు బోల్టుల మీద, బూస్ట్ పెంచేవాళ్లు రాడ్ మధ్యభాగం మీద ఖర్చు పెట్టాలి. రెండూ పెంచేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, రెండు చోట్లా పెట్టుకోవడమే.

రాడ్లు వంగడం ఎక్కువగా ఎక్కడ జరుగుతుందో తెలుసా? 7,000 దగ్గర కాదు, 3,000 దగ్గర. చిన్న టర్బో తొందరగా లేచి బూస్ట్ మొత్తాన్ని ఒక్కసారి పెట్టేస్తుంది. పిస్టన్ నెమ్మదిగా కదులుతుంటుంది కాబట్టి, మంట అందని చివరి మిశ్రమం తనంతట తానే అంటుకోవడానికి కావల్సినంత సమయం దొరుకుతుంది. అదే నాకింగ్. కాబట్టి బూస్ట్‌ను మెట్లు మెట్లుగా ఎక్కించండి. టార్క్ గ్రాఫ్ గోడలా నిలబడితే చూడ్డానికి అందంగా ఉంటుంది, లోపల రాడ్లు వంకర్లు పోతాయి.

పిస్టన్ల సంగతి క్లుప్తంగా. ఫోర్జ్‌డ్‌లో రెండు మిశ్రమాలు ఎక్కువగా దొరుకుతాయి: సిలికాన్ ఎక్కువున్న 4032, తక్కువున్న 2618. 2618 నాకింగ్‌ను కొంచెం ఓర్చుకుంటుంది, కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుకని గోడకూ దానికీ ఎక్కువ సందు ఇవ్వాలి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది. ఆ శబ్దానికి భయపడకండి. భయపడాల్సింది రింగ్ గ్యాప్‌కు, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగు రెండు కొసల మధ్య సందుకు. టర్బో ఇంజిన్‌లో పై రింగు బాగా వేడెక్కి పొడవు పెరుగుతుంది. కొసలు రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటే రింగుకు పోవడానికి చోటు లేక పిస్టన్ అంచును చీల్చేస్తుంది. బోర్‌లో వెయ్యింట అయిదు వంతులు వేసుకుంటే 86కు 0.43 మి.మీ. ఇది ఆరంభ అంకె మాత్రమే, రింగుల తయారీదారు కాగితం మీద ఉన్నదే ఆఖరి మాట. గ్యాప్ కాస్త ఎక్కువైతే కొంచెం పొగ లీకవుతుంది. తక్కువైతే ఇంజిన్ విప్పాలి. నేను నేర్చుకునే రోజుల్లో లీకవుతుందేమోనని గ్యాప్ బిగువుగా పెట్టాను. ఆ పిస్టన్ ముక్క ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది.

ఈసారి లెక్క మిత్సుబిషి 4జీ63 మీద. బోర్ 85, స్ట్రోక్ 88, నాలుగు సిలిండర్లు, రాడ్ 150 మి.మీ. దీనిలో 100 మి.మీ. స్ట్రోక్ క్రాంక్ వేస్తున్నారు, రాడ్ పొడవు మార్చడం లేదు. ఒకటి, సీసీ ఎంతకు పెరుగుతుంది? రెండు, 500 న్యూటన్ మీటర్లకు బీఎంఈపీ పాత స్ట్రోక్‌తో ఎంత, కొత్త స్ట్రోక్‌తో ఎంత? మూడు, 7,500 దగ్గర రెండింటి పిస్టన్ సగటు వేగాలు రాయండి. నాలుగోది కాస్త గట్టిది: పాత ఇంజిన్ 7,500 దగ్గర మోసిన త్వరణాన్ని దాటకూడదంటే కొత్తదాని ఆర్‌పీఎం ఎక్కడ ఆపాలి? బ్రాకెట్‌లోని రాడ్ పదాన్ని వదిలేస్తే జవాబు 7,000కు పైన వస్తుంది. అసలు జవాబు అంతకు కిందే ఉంది.