ఫ్యాన్ గేమ్ ఇన్‌స్టాల్ కావట్లేదా? ఎర్రర్‌ని బట్టి ఎట్లా సరి చేసుకోవాలి

తిరుపతిలో హాస్టల్ పిల్లల దగ్గర, బైరాగిపట్టెడ, కొర్లగుంట సైడు రూముల్లో ఉండేవాళ్ల దగ్గర ఫ్యాన్ గేమ్స్ పెన్‌డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరగతా ఉంటాయి. కంపెనీ చేసినవి కాదు ఇవి, ఏదో ఒక గేమ్ అంటే ప్రాణం పెట్టే అభిమానులు ఉద్యోగాలు, చదువులు చూసుకుంటానే రాత్రిళ్లు కూర్చొని చేసి ఊరికే ఇచ్చేవి. పోకెమాన్ యురేనియం దాదాపు తొమ్మిదేళ్లు చేసి 2016లో వదిలారు. హాఫ్ లైఫ్‌ని అభిమానులే మళ్లీ కట్టిన బ్లాక్ మీసా కూడా 2012లో ఫస్ట్ ఫ్రీగానే వచ్చింది. అంత కష్టపడి చేసిన గేమ్‌ని ఏదో డీఎల్ఎల్ (గేమ్ నడవడానికి వాడుకునే సహాయం ఫైల్) లేదని ఒక ఎర్రర్ వస్తానే డిలీట్ చేసేస్తా ఉంటే నాకు నిజంగా బాధగా ఉంటాది, ఎందుకంటే చాలావరకు అది గేమ్ తప్పు కాదు, మీ సిస్టమ్‌లో ఉండాల్సింది ఒకటి లేదు అంతే.

విషయం ఏందంటే, డబ్బులు పెట్టి కొన్న గేమ్‌లో సెటప్ దానికి కావాల్సినవన్నీ వెనకాల తనే వేసేస్తాది, బొమ్మలు, సౌండు చూసుకునే డైరెక్ట్ఎక్స్, ప్రోగ్రామ్‌లు నడవడానికి కావాల్సిన ఫైల్స్ ఉండే విజువల్ సి ప్లస్ ప్లస్ ప్యాకేజీ, ఇంకేమన్నా ఉంటే అవీ. ఫ్యాన్ గేమ్‌లో ఎక్కువసార్లు ఒక జిప్ ఫైల్ ఇస్తారు, మిగతావి మనమే చూసుకోవాల. కాబట్టి ఎర్రర్ బాక్స్ వస్తే ఓకే కొట్టి మూసేయొద్దు, అందులో ఏం రాసుందో అక్షరం అక్షరం చదవండి, లేకుంటే ఫోన్‌తో ఫోటో అన్నా తీసి పెట్టుకోండి. ఏం లేదో దాని పేరు అందులోనే ఉంటాది.

మొదట ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూడండి

రోజుకు రెండు జీబీ డేటా ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టి డౌన్‌లోడ్ చేసేవాళ్లకి మధ్యలో కట్ అవ్వడం మామూలే, కరెంటు పోయి వైఫై ఆగిపోయేది ఇంకో కథ. బ్రౌజర్ డౌన్‌లోడ్ అయిపోయినట్టే చూపిస్తాది గానీ ఫైల్ సగమే ఉంటాది. గేమ్ చేసినవాళ్లు సైజు ఎంతో రాసుంటే దాంతో పోల్చుకోండి. ఎస్‌హెచ్‌ఏ-256 అని పొడుగు కోడ్ ఇచ్చుంటే ఇంకా మేలు, జిప్‌లు విప్పే 7-జిప్ అనే ఫ్రీ ప్రోగ్రామ్ వేసుకొని ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే దాంట్లో ఎస్‌హెచ్‌ఏ-256 నొక్కండి, వచ్చిన కోడ్, వాళ్లిచ్చిన కోడ్ ఒకటే అయితే ఫైల్ పక్కాగా ఉన్నట్టు. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే, వేరే దారి లేదు.

పెన్‌డ్రైవ్ మీద కాపీ చేసుకునేవాళ్లు ఇంకోటి చూసుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయ్యుంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ దాంట్లో పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌లోకో ఎన్‌టీఎఫ్ఎస్‌లోకో మార్చుకోవాల, ఫార్మాట్ చేస్తే లోపలివి అన్నీ పోతాయి కాబట్టి ముందు వేరే చోటికి తీసి పెట్టుకోండి. అట్లనే గేమ్ పార్ట్ 1, పార్ట్ 2 అని ముక్కలుగా ఉంటే అన్ని ముక్కలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి మొదటి ముక్క మీద మాత్రమే ఎక్స్‌ట్రాక్ట్ కొట్టాల, మిగతావి అదే లాక్కుంటాది.

ఎక్కడ పెడతా ఉన్నారు అనేది చాలా ముఖ్యం

జిప్ మీద డబుల్ క్లిక్ చేస్తే లోపలి ఫైల్స్ కనపడతాయి, అక్కడ్నుంచే గేమ్ నొక్కేస్తారు చాలామంది. అట్ల చేస్తే విండోస్ ఆ ఒక్క ఫైల్‌నే టెంపరరీ ఫోల్డర్‌లోకి తీసుకొని నడపతాది, పక్కనుండాల్సిన ఫైల్స్ ఏవీ దానికి దొరకవు, అప్పుడు డేటా ఫైల్ లేదు, అది లేదు ఇది లేదు అంటాది. మొత్తం ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. ఎక్స్‌ట్రాక్ట్ చేసేముందు జిప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లో కింద అన్‌బ్లాక్ అని చిన్న టిక్ ఉంటే అది పెట్టి అప్లై కొట్టండి, తర్వాత కొన్ని తలనొప్పులు తగ్గతాయి.

ఇంక ఫోల్డర్. డెస్క్‌టాప్ మీద వద్దు, చాలా ల్యాప్‌టాప్‌లలో అది వన్‌డ్రైవ్‌తో సింక్ అవతా ఉంటాది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కూడా వద్దు, అక్కడ రాయడానికి పర్మిషన్ ఉండదు, గేమ్ ఓపెన్ అవుతాది గానీ సేవ్ కాదు. డీ డ్రైవ్‌లోనో సీ డ్రైవ్‌లోనో గేమ్స్ అని ఒక ఫోల్డర్ పెట్టుకోండి, పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే, చిన్నగా. తెలుగులో ఫోల్డర్ పేరు పెట్టుకుంటే నాకూ ఇష్టమే, కానీ పాత ఇంజిన్లలో (గేమ్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్) చేసిన కొన్ని గేమ్స్‌కి తెలుగు లాంటి యూనికోడ్ అక్షరాలున్న దారి అర్థం కాదు, ఫైల్ కళ్ల ముందే ఉన్నా దొరకలేదు అంటాయి. విండోస్ యూజర్ పేరే తెలుగులో పెట్టుకున్నోళ్లకి ఇంకో చిక్కు, సేవ్ ఫైల్ యూజర్ ఫోల్డర్‌లోకి పోతాది కాబట్టి అక్కడ ఆగిపోవచ్చు. అట్లాంటప్పుడు ఇంగ్లీషు పేరుతో ఇంకో లోకల్ అకౌంట్ చేసుకొని అందులో ఆడి చూడండి.

విండోస్ ఆపేస్తా ఉంటే

నీలం బాక్స్ వచ్చి విండోస్ మీ పీసీని కాపాడింది అంటే వైరస్ ఉందని అర్థం కాదు. విండోస్‌లోనే ఉండే స్మార్ట్‌స్క్రీన్ అనే కాపలా ఆ ఫైల్‌ని ఎక్కువమంది వాడలేదు, డిజిటల్ సంతకం లేదు అని చెప్తా ఉంది. ఆ సంతకం సర్టిఫికెట్ కొనాలంటే డబ్బులు కావాల, ఫ్రీగా గేమ్ ఇచ్చేవాళ్లు యాడ తెచ్చి కడతారు? మోర్ ఇన్ఫో నొక్కితే రన్ ఎనీవే వస్తాది. కానీ నొక్కేముందు ఆ ఫైల్ గేమ్ చేసినవాళ్ల సొంత పేజీ నుంచే వచ్చిందా అని చూసుకోండి, ఫ్రెండ్ పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిందైతే చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూసే వైరస్‌టోటల్ అనే సైట్‌లో పెట్టి స్కాన్ చేసుకోండి. ఒకటో రెండో తెలియని యాంటీవైరస్‌లు ఎర్రగా చూపిస్తే భయపడక్కర్లేదు, పేరున్నవి చాలా ఒకేసారి చూపిస్తే ఆ ఫైల్ ముట్టుకోవద్దు.

ఎక్స్‌ట్రాక్ట్ చేసినప్పుడు ఉన్న ఎక్స్ఈ ఫైల్ కాసేపటికి మాయమైతే అది విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ పని. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరవండి, ఏం తీసిందో ఉంటాది, నమ్మకం ఉంటే అక్కడే రీస్టోర్ కొట్టొచ్చు. గేమ్ కోసం యాంటీవైరస్ మొత్తం ఆఫ్ చేయమని ఎవరు చెప్పినా వినొద్దు, ఆ ఒక్క ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే స్కాన్ చేయొద్దు అనే లిస్టులో పెడితే చాలు.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నోళ్లకి స్టోర్ నుంచి మాత్రమే యాప్స్ వేసుకోవాలి అని వస్తా ఉంటే అది ఎస్ మోడ్. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌కి పోయి ఎస్ మోడ్ నుంచి బయటికి రావొచ్చు, డబ్బులు కట్టే పని లేదు, కానీ ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి పోలేరు.

డీఎల్ఎల్ లేదు అంటే

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. గూగుల్‌లో ఆ డీఎల్ఎల్ పేరు కొట్టి, ఏదో సైట్ నుంచి ఆ ఒక్క ఫైల్ దించుకొని సిస్టమ్32లో పడేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ ఫైల్ ఏ వెర్షనో తెలీదు, లోపల ఏముందో తెలీదు, పైగా 64 బిట్ ఫైల్‌ని 32 బిట్ గేమ్ పక్కన పెడితే చివర్లో 7బి అని ఉండే 0ఎక్స్‌సి000007బి ఎర్రర్ వస్తాది, అప్పుడు ఒక సమస్య రెండవతాది.

పేరు చూసి ఏ ప్యాకేజీదో కనుక్కోండి. విసిరన్‌టైమ్140, ఎంఎస్‌విసిపి140 అని ఉంటే మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ కావాల, 2015 నుంచి తర్వాత వచ్చిన వాటికి అంతా కలిపి ఒకటే ప్యాకేజీ ఇస్తారు. మీది 64 బిట్ విండోస్ అయినా ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ వేయండి, ఎందుకంటే ఫ్యాన్ గేమ్స్‌లో ఇంకా చాలా 32 బిట్‌వే, వాటికి ఎక్స్86దే కావాల. పేరులో 100, 110, 120 అని ఉంటే అవి వరసగా 2010, 2012, 2013 ప్యాకేజీలు, వేటికవి విడిగా వేయాల.

డీ3డీఎక్స్9 అని మొదలై 43 లాంటి నంబర్‌తో ముగిసేవి, ఎక్స్‌ఇన్‌పుట్1_3, ఎక్స్‌ఆడియో2_7, ఇవి మైక్రోసాఫ్ట్ వాళ్ల డైరెక్ట్ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్స్, 2010 జూన్ ప్యాకేజీలో ఉంటాయి. నా సిస్టమ్‌లో డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా అంటారు, ఉన్నా సరే ఈ పాత సహాయం ఫైల్స్ దాంతోపాటు రావు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ ప్యాకేజీ నడిపితే ఏ ఫోల్డర్‌లో పెట్టాల అని అడిగి బోలెడు క్యాబ్ ఫైల్స్ పడేసి మూసుకుంటాది, అయిపోయింది అనుకొని వదిలేస్తారు, కానీ ఇంకా ఏమీ ఇన్‌స్టాల్ కాలేదు. ఆ ఫోల్డర్ తెరిచి డీఎక్స్‌సెటప్ అనే దాన్ని నడిపితేనే అసలు పని అవుతాది. ముందే ఒక ఖాళీ ఫోల్డర్ చేసి అది చూపిస్తే తర్వాత మొత్తం తీసేయడం సులువు.

ఆర్‌జీఎస్ఎస్ అని మొదలైతే అది ఆర్‌పీజీ మేకర్ అనే గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేసిన గేమ్, పోకెమాన్ ఫ్యాన్ గేమ్స్ చాలావరకు ఇవే. డీఎల్ఎల్ లేదంటే అది గేమ్ ఫోల్డర్‌లోనే ఉండాల్సింది, సగం ఎక్స్‌ట్రాక్ట్ అయ్యుంటాది లేదా డిఫెండర్ తీసేసుంటాది, పైకి పోయి మళ్లీ చూడండి. ఆర్‌టీపీ (గేమ్‌కి కావాల్సిన బొమ్మలు, సౌండ్ల ప్యాకేజీ) స్టాండర్డ్ దొరకలేదు అంటే మాత్రం ఆర్‌పీజీ మేకర్ వాళ్ల సైట్‌లో ఫ్రీగా ఇచ్చే రన్‌టైమ్ ప్యాకేజీ విడిగా వేసుకోవాల, గేమ్ ఏ వెర్షన్‌లో చేశారో దానిదే.

కొన్నిటికి అసలు గేమే కావాల. ఓపెన్ఎండబ్ల్యూ ఉంది, అది ఇంజిన్ మాత్రమే, మీరు కొనుక్కున్న మోరోవిండ్ అనే గేమ్ డేటా ఫైల్స్ చూపించాల. 2012 నాటి బ్లాక్ మీసా స్టీమ్ అనే గేమ్ స్టోర్‌లో సోర్స్ ఎస్‌డీకే బేస్ 2007 వేస్తేనే కదిలేది, అది ఫ్రీనే గానీ చాలామంది గేమ్‌తోపాటు ఇచ్చే రీడ్‌మీ చదవక అక్కడే ఆగిపోయినారు. ప్యాచ్ రూపంలో, అంటే అసలు గేమ్ ఫైల్‌ని మార్చే ముక్కగా వచ్చే వాటికి అసలు ఫైల్ సరిగ్గా అదే వెర్షన్ ఉండాల, వేరే వెర్షన్ పెడితే ప్యాచ్ చెక్‌సమ్ (ఫైల్ అదేనా అని చూసే కోడ్) కలవలేదు అంటాది. రీడ్‌మీ ఫైల్ పూర్తిగా చదవండి, వాళ్లు అడిగి అడిగి అలసిపోయిన ప్రశ్నలకే అందులో జవాబులు రాసుంటారు.

ఎర్రర్ రాదు, నల్ల స్క్రీన్ అంతే

ఆల్ట్ పట్టుకొని ఎంటర్ కొట్టండి, చాలా గేమ్స్ ఫుల్ స్క్రీన్ నుంచి చిన్న విండోలోకి వస్తాయి, పాత రిజల్యూషన్ మీ స్క్రీన్‌కి కుదరకపోతే ఇదొక్కటే సరిపోతాది. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో ఆ గేమ్‌ని చేర్చి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి, డ్రైవర్ కూడా అప్‌డేట్ చేసుకోండి.

నొక్కితే ఏమీ కాకుండా మూసుకుపోతా ఉంటే స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి తెరిచి, విండోస్ లాగ్స్, అప్లికేషన్‌లో అదే టైంకి ఎర్రగా ఉన్నది చూడండి. ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఒక పేరు ఉంటాది, గేమ్ ఎక్కడ పడిందో అదే. గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు ఉంటే డ్రైవర్ గొడవ, గేమ్ పేరే ఉంటే గేమ్‌లోనే ఏదో ఉంది.

అన్నీ చేసినా కాకపోతే చేసినవాళ్లకే రాయండి, వాళ్లు ఫ్రీగా చేస్తా ఉన్నారు కాబట్టి పని చేయట్లేదు బ్రో అని ఒక్క ముక్క పడేస్తే వాళ్లేం చేయగలరు పాపం. స్టార్ట్‌లో విన్‌వర్ అని కొడితే వచ్చే విండోస్ వెర్షన్, అట్లనే డీఎక్స్‌డయాగ్ అని కొట్టి తెరిచి అందులో సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్ కొడితే వచ్చే టెక్స్ట్ ఫైల్, ఎర్రర్ ఫోటో, గేమ్ వెర్షన్ నంబర్, పైన చెప్పినవాటిలో ఏవేవి చేసి చూశారో, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. ఆ టెక్స్ట్ ఫైల్‌లో మీ కంప్యూటర్ పేరు ఉంటాది, అందరికీ కనపడే చోట పెట్టేట్టయితే ఆ లైన్ తీసేసి పెట్టండి. వాళ్లు కొత్త వెర్షన్ పంపిస్తే పాత ఫోల్డర్ మీదే పోయకుండా పక్కన వేరే ఫోల్డర్‌లో పెట్టండి, సేవ్ ఫైల్స్ కొన్నిటికి గేమ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, కొన్నిటికి సేవ్డ్ గేమ్స్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటాయి, ముందు అవి కాపీ తీసుకొని తర్వాత కొత్తది తెరవండి.